దానంతటదే నిండే గడి

వేలు పెట్టిన ప్రతిసారీ పేరయ్యే వస్తున్నాడు.

యలమంద వసారాలో పత్తి నింపిన గోనె బోరెం మీద కూర్చుని ఫోన్‌ను మోకాలికి ఆనించి పెట్టుకున్నాడు. పత్తి కొనుగోలు యాప్ తెరిస్తే రెండు గడులు కనిపిస్తాయి. పై గడిలో ఫోన్ నంబరు, కింది గడిలో పాస్‌వర్డ్. చేలో మొదటిసారి పత్తి తీతప్పుడు పై గడి తాకగానే భార్య కోటేశ్వరి నంబరు దానంతటదే వచ్చి కూర్చుంది. కింది గడిలో నల్లచుక్కలు వరసగా పడ్డాయి. నొక్కితే తలుపు తెరుచుకుంది. అంతకు మించి తెలుసుకోవాల్సిన పని ఆయనకు పడలేదు.

ఇప్పుడు అదే గడి తాకితే అడుగున చిన్న చీటీలాగా వేరే నంబరు లేస్తోంది. చివర రెండు సున్నాలు, రెండు ఏడులు. ఆ నంబరు ఫోన్‌లోంచి తుడిచేసి ఆరేళ్ళయింది. బుర్రలోంచి తుడవడం కుదరలేదు. అది పేరయ్యది. పక్క చేను పేరయ్య. రెండడుగుల గట్టు కలిపేసుకున్న పేరయ్య.

వేలు పంచెకు తుడుచుకుని మళ్ళీ తాకాడు. పేరయ్యే. ఫోన్ ఆపి, మళ్ళీ వేసి తాకాడు. పేరయ్య కింద ఇంకెవరిదో నంబరు కూడా వచ్చింది. కోటేశ్వరిది మాత్రం లేదు.

"ఏంది బావా, ఫోన్‌ని అట్టా పొడుస్తున్నావ్? చచ్చుద్ది" అంది వెంకటరావమ్మ, నెత్తిమీది మూటను వసారాలో దించుతూ. పత్తి తీసే కూలీల ముఠాకు ఆవిడే పెద్ద. సొంతంగా ఒక ఎకరం కౌలు కూడా చేస్తోంది. పమిట చెంగుతో మెడ తుడుచుకుని మూట ముడి విప్పింది. పత్తిలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి, పిండి చూసి, ఎండు ఆకు ముక్కలు ఏరి అవతల పారేసింది. "ఇంకో ఎండ కాయాల బావా. తేమ ఉంది. ఇట్టా తీసుకుపోతే మిల్లు కాడ తిప్పి పంపిస్తారు."

"మిల్లు దాకా పోతేగా."

"స్లాటు దొరకలా?"

"తలుపే తెరుచుకోవట్లా."

"నాకూ రాలా. పేరయ్య బావకు మూడుసార్లు పెట్టినా రాలేదంట. విసిగిపోయి గురువారం లారీకి ఇచ్చేస్తానన్నాడంట." పేరయ్య పేరెత్తితే యలమంద మొహం ఎట్లా మారుతుందో ఆవిడకు తెలుసు. తెలిసే ఎత్తింది. "నువ్వూ ఇచ్చెయ్యి. ఇద్దరి పత్తీ ఒకే లారీలో పోతే అక్కడన్నా కలుసుకుంటారు."

శనివారంతో పర్చూరు మిల్లులో కొనుగోలు కేంద్రం మూసేస్తారు. బుధవారం పొద్దున పదింటికి పత్తి తెచ్చి అమ్ముకోడానికి ఆఖరి స్లాట్లు వదులుతారు. అది తప్పితే ఇంటర్నెట్ దుకాణం నాగేంద్రబాబు బావమరిది లారీ ఒక్కటే మిగులుతుంది. ఆ లారీ ఎక్కిన పత్తికి వాళ్ళు చెప్పిందే ధర, వాళ్ళు చెప్పిందే తూకం. ఈ చేలో గింజ పెట్టింది కోటేశ్వరి. వరస తప్పకుండా వంగి వంగి నాలుగెకరాలూ పెట్టింది. ఆషాఢం దాటకుండానే పోయింది. ఈ పత్తి ఆ లారీ ఎక్కదు. యలమంద అది తనలో తను ఎన్నడో తేల్చుకున్నాడు.

చెప్పులేసుకుని బస్టాపు వైపు నడిచాడు.

నాగేంద్రబాబు ఇంటర్నెట్ దుకాణంలో ఒక కంప్యూటరు, రెండు ఫోన్లు, గోడకు లక్ష్మీదేవి పటం ఉన్నాయి. బల్ల మీద నలుగురు కూర్చుని కాగితాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"రా బాబాయ్, కూర్చో."

"కూర్చోను. ఇదేందో చూడు. నాది రావట్లా. పేరయ్యది వస్తంది."

నాగేంద్రబాబు ఫోన్ తీసుకున్నాడు. ఒక్కసారి చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యమనేది లేదు. తెర ఆర్పి బల్ల మీద పెట్టాడు.

"దాచిన పాస్‌వర్డ్ ఎగిరిపోయింది బాబాయ్. పాత ఫోన్ కదా. ఏం పెట్టారో గుర్తుందా?"

"పెట్టింది మీ పిన్ని. నాకెట్టా తెలుస్తది?"

"మర్చిపోయామని నొక్కితే ఓటీపీ వస్తది. కానీ పిన్ని నంబరుకి."

ఆ నంబరు బతికి లేదు. యలమంద రీచార్జి చేయించలేదు. ఆవిడకు ఫోన్ చేసేవాళ్ళెవరు?

"నంబరు మార్చాలంటే ఆఫీసులో అర్జీ పెట్టుకోవాల. పదిహేను రోజులు" అన్నాడు నాగేంద్రబాబు. "నా చేతికిస్తే రేపటికల్లా మార్పిస్తా. లోపల తెలిసినవాళ్ళున్నారు. నా నంబరు పెట్టేస్తా. ఓటీపీలన్నీ నాకే వస్తాయి, నీకే బాధా ఉండదు. ఊళ్ళో అందరికీ అట్టాగే చేశా."

"స్లాటు?"

"వస్తే వస్తది. రాకపోతే లారీ చేలోకే వస్తది. నువ్వు ట్రాక్టరు మాట్లాడుకునే పని కూడా ఉండదు."

బల్ల మీద నలుగురూ నేల చూపులు చూశారు. వాళ్ళందరికీ ఆ లారీ తెలుసు.

"నా పత్తి నా ట్రాక్టర్లో పోద్ది. నా నంబరు మీద పోద్ది."

"అయితే ఆ పాస్‌వర్డేదో నువ్వే వెతుక్కో బాబాయ్." నాగేంద్రబాబు కంప్యూటరు వైపు తిరిగాడు. "పిన్నీ ఇంతే. అందరూ నా అకౌంటుతో నడుపుకుంటుంటే, తనొక్కతే సొంత అకౌంటంది. చూడు, ఇప్పుడెవరికి కష్టమొచ్చింది?"

యలమంద ఫోన్ తీసుకున్నాడు. జేబులో పెట్టుకున్నాడు. తరవాత వంగి, అందరికీ వినపడేటట్టు నెమ్మదిగా అన్నాడు.

"ఆమె మాట నీ నోట్లోంచి ఇంకోసారి వస్తే, ఆ కంప్యూటరు రోడ్డు మీద ఉంటది."

*

మంగళవారం మొదటి బస్సుకే పర్చూరు వెళ్ళాడు. బస్టాండు వెనక సందులో నసీమున్నీసా ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. మంచమంత కొట్టు. ఆవిడ భూతద్దం లైటు కింద తలవంచుకుని ఒక ఫోన్ వీపు విప్పుతోంది. తీసిన మరమేకును తీసినట్టే సీసామూతలో వేస్తోంది. ఆ పని ముగిసిందాకా తలెత్తలేదు. యలమందకు అది నచ్చింది.

"చెప్పండి పెద్దాయనా."

చెప్పాడు. ఆవిడ ఫోన్ ముట్టుకోకముందే రెండు ప్రశ్నలు వేసింది.

"ఎప్పటి నుంచి ఇట్టా ఉంది?"

"రెండో తీత కాడ నుంచి."

"దానికి ముందు ఫోన్ ఎవరి చేతికన్నా ఇచ్చారా?"

"యాప్ కొత్తది వేసుకోమని అడుగుతుంటే మా ఊళ్ళో ఇంటర్నెట్ వాడికిచ్చా. పది నిమిషాల్లో తిరిగిచ్చాడు."

ఆవిడ ఫోన్ తీసుకుంది. గడి తాకింది. కీబోర్డు పైన వరసలో వచ్చినవి చూసింది. సెట్టింగుల్లోకి పోయి ఒక్కో మెట్టూ దిగుతూ పైకే చెప్పుకుంది. "కీబోర్డు బాగానే ఉంది. దానంతటదే నింపే ఆటోఫిల్ ఆన్‌లోనే ఉంది. సర్వీసు కూడా సరైనదే." ఇంకో మెట్టు దిగి ఆగింది. "పెద్దాయనా, మీ ఫోన్ పాడవలేదు. దాని పని అది సరిగ్గానే చేస్తంది. కాకపోతే మీ పెట్టెలోంచి తియ్యాల్సింది వేరేవాళ్ళ పెట్టెలోంచి తీస్తంది."

"ఎవరి పెట్టె?"

"ఇందులో రెండు అకౌంట్లున్నాయి. ఒకటి కోటేశ్వరి అని ఉంది."

"నా భార్య."

"రెండోది ఏదో ఇంటర్నెట్ దుకాణం పేరు. మీవాడు కొత్త యాప్ వెయ్యడానికి తన అకౌంటు ఇందులో ఎక్కించి, తియ్యకుండా వదిలేశాడు. ఫోన్ ఇప్పుడు దాన్నే నమ్ముతంది. లోపల చూడాలి, తాళం నంబరు కొట్టండి."

యలమంద తాళం అంకెలు కొట్టాడు. పాస్‌వర్డుల జాబితా తెరుచుకుంది. నసీమున్నీసా వేలితో కిందికి తోసింది. ఇంకా తోసింది. జాబితా అయిపోలేదు. ఒకదాని కింద ఒకటి నంబర్లు, ప్రతి దాని పక్కన నల్లచుక్కలు, ప్రతి దాని పక్కన ఒక కన్ను బొమ్మ. ఆ కన్ను తాకితే చుక్కలు అక్షరాలవుతాయి.

ఆవిడ ఉన్నట్టుండి ఫోన్‌ను బోర్లించి పెట్టింది.

"ఇది నేను చూడకూడదు. మీరూ చూడకూడదు."

"ఏందమ్మా అది?"

"మీ ఊరు. ఆయన ఊళ్ళో అన్ని ఫోన్లలోనూ ఇదే అకౌంటు పెట్టినట్టున్నాడు. ఎవరింట్లో ఏ పాస్‌వర్డు దాచుకున్నా ఒకే పెట్టెలో పడుతుంది. ఆయన చూసుకోవచ్చు. ఆయన మర్చిపోయిన సంగతేందంటే, ఈ అకౌంటు ఉన్న ప్రతి ఫోనూ చూసుకోవచ్చు."

యలమంద బోర్లా పడి ఉన్న ఫోన్ వైపు చూశాడు. పగిలిన మూలకు కోటేశ్వరి అతికించిన తెల్లటేపు మాసిపోయి ఉంది.

ఆవిడ ఫోన్ తన వైపు తిప్పుకుని అకౌంటు మార్చింది. ఈసారి జాబితాలో నాలుగే ఉన్నాయి. గ్యాసు, కరెంటు, ఏదో బట్టల దుకాణం, పత్తి.

"ఇదీ మీ పెట్టె. పత్తిది పాత యాప్ పేరు మీద దాచారు. కొత్త యాప్‌కు దాన్ని దానంతటదే ఇవ్వదు. ఒక్కసారి చూసి, మీరే చేత్తో కొట్టాలి. కొట్టాక దాచనా అని అడుగుతుంది, సరే అనండి. ఆ పైన మామూలుగా పడుతుంది. కన్ను తాకండి."

ఆవిడ ముఖం తిప్పుకుని సీసామూతలో మరలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

యలమంద కన్ను తాకాడు. చుక్కలు ఇంగ్లీషు అక్షరాలయ్యాయి. ఊరి బళ్ళో నేర్చుకున్న ఇంగ్లీషు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పెదాలు కదుపుతూ కూడబలుక్కున్నాడు. మొం. డి. ఘ. టం. వెనక పెళ్ళయిన సంవత్సరం.

మొండిఘటం. సంసారం చేసినన్నాళ్ళూ రోజుకు రెండుసార్లన్నా కోటేశ్వరి తనను ఆ మాట అనేది. అన్నం తినకుండా లేచిపోతే అనేది. గట్టు గొడవలో ఊరి పెద్దల మాట వినకపోతే అనేది. ఆ మాట పోయిన ఆషాఢంతో ఆగిపోయిందనుకున్నాడు. మొదటి తీతప్పుడు ఆ చుక్కల వెనక కూడా అదే ఉంది.

సందులో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. యలమంద ఒక్కో అక్షరం యాప్‌లో కొట్టి, దాచనా అంటే సరే నొక్కాడు.

"అయిందమ్మా."

"ఆ దుకాణం అకౌంటు తీసేస్తున్నా" అంది ఆవిడ.

"ఉండనియ్యి."

"ఎందుకు?"

"పనుంది."

నసీమున్నీసా ఫోన్ వెంటనే ఇవ్వలేదు. "నా చేతికి వచ్చే ఫోన్లలో మనుషుల గుట్టు చాలా ఉంటది పెద్దాయనా. తెర మార్చి పని చూసుకుంటా. ఇరవయ్యేళ్ళుగా ఈ సందులో ఉన్నానంటే అందుకే."

"నేను రిపేరు చేసేవాణ్ణి కాను."

"అందుకే చెబుతున్నా." ఫోన్ చేతిలో పెట్టింది. "ఇంకొకటి. పాత పాస్‌వర్డు తెలిస్తే చాలు, కొత్తది పెట్టుకోడానికి ఓటీపీ అక్కర్లేదు. మీదీ మార్చుకోండి, నా ముందు తెరిచారు కాబట్టి."

"నువ్వు చూళ్ళేదుగా."

"చూళ్ళేదు. అయినా మార్చుకోండి."

*

ఆ పని ఏమిటో యలమంద బస్సులోనే అనుకున్నాడు. ఇంటికి పోలేదు. తిన్నగా చేలోకి పోయి, ఆ గట్టు మీదే కూర్చున్నాడు. రెండడుగులు తక్కువైన గట్టు. ఎదురుగా వరసల్లో వెంకటరావమ్మ ముఠా వంగి పత్తి తీస్తోంది. రెండు చేతులతో రెండు మొక్కలు, గింజతో సహా గుంజి ఒడిలో వేసుకోవడం, మళ్ళీ రెండు మొక్కలు. కాయ పెచ్చులు గుచ్చుకుని వాళ్ళ గోళ్ళ పక్కన చర్మం చీలి ఉంది. అవతల పేరయ్య చేలో పత్తి కుప్ప పట్టా కింద ఉంది. పట్టా అంచులకు రాళ్ళు పెట్టి ఉన్నాయి. కుప్ప కాపలాకు పేరయ్య మంచం కూడా అక్కడే.

ఆరేళ్ళు. సర్వేయరు వచ్చాడు, పెద్దలొచ్చారు, పోలీసులొచ్చారు. రెండడుగులు రాలేదు. కోటేశ్వరి పోయిన రోజు పేరయ్య వచ్చి వాకిట్లో నిలబడితే, పాడె దగ్గర నుంచే "పో" అన్నాడు యలమంద. పేరయ్య పోయాడు.

గడి తాకాడు. అకౌంటు దుకాణందానికి మార్చేసరికి ఆ పెట్టెలోంచి పేరయ్య నంబరు లేచింది. దాన్ని నొక్కాడు. పై గడి నిండింది, కింద చుక్కలు పడ్డాయి. తలుపు తెరుచుకుంది. పేరయ్య పేరు. పేరయ్య తండ్రి పేరు. యలమందకు కంఠతా వచ్చిన సర్వే నంబరు.

పేరయ్యకు ఏ స్లాటన్నా ఉంటే రద్దు చెయ్యాలి. అంతే. గురువారం ఆ లారీ వచ్చి కుప్పనంతా ఎత్తుకుపోతుంటే ఈ గట్టు మీద కూర్చుని చూడాలి.

స్లాట్ల పేజీ తెరిచాడు. మూడు ఉన్నాయి. మూడు వారాలవి, మూడు తారీఖులవి. వేలు రద్దు బొత్తం కోసం వెతికింది. అది లేదు. మూడింటి ఎదుటా అప్పటికే ఎర్రటి అక్షరాలున్నాయి.

రైతు కోరిక మేరకు రద్దు. రైతు కోరిక మేరకు రద్దు. రైతు కోరిక మేరకు రద్దు.

యలమంద మళ్ళీ చదివాడు. స్లాటు మూడుసార్లూ వచ్చింది. మూడుసార్లూ ఎవరో పేరయ్య పేరు మీద రద్దు చేశారు. రాలేదని పేరయ్యకు చెప్పారు. వాడు నమ్మి మంచులో కుప్ప పక్కన పడుకున్నాడు.

తను చెయ్యబోయిన పని తనకంటే ముందే ఇంకొకడు చేసి పెట్టాడు.

చేతిలో ఫోన్ వేడెక్కింది. యలమంద బయటకు వచ్చి, వెంకటరావమ్మ నంబరు వెతికి నొక్కాడు. రెండు స్లాట్లు. రైతు కోరిక మేరకు రద్దు. ఇంకొకరిది తెరవలేదు. తలెత్తి చూస్తే ఆవిడ వరస చివర నడుం నిఠారుగా చేసుకుని నిలబడి ఉంది.

"ఏంది బావా, గట్టు కొలుస్తున్నావా మళ్ళీ?" అని అరిచింది. "ఇయ్యాళ ఏమన్నా పెరిగిందా?"

*

బుధవారం సూర్యుడు పొడవకముందే యలమంద గట్టు దాటాడు. ఆరేళ్ళలో అటు అడుగు పెట్టడం అదే మొదలు. పేరయ్య మంచం మీద నుంచి లేచి, పక్కనున్న కర్ర అందుకున్నాడు.

"కర్ర తర్వాత. ఫోన్ తియ్యి" అన్నాడు యలమంద.

"ఎందుకు?"

"స్లాటు రాలేదని ఎవడు చెప్పాడు నీకు?"

"నీకేంరా పని?"

యలమంద తన ఫోన్ తెర వాడి మొహం ముందు పెట్టాడు. పేరయ్య కళ్ళద్దాలు వెతుక్కున్నాడు. దిండు కింద దొరికాయి. చదివాడు. తండ్రి పేరు దగ్గర ఒకసారి, ఎర్ర అక్షరాల దగ్గర మూడుసార్లు ఆగాడు.

"ఇది నీ ఫోన్‌లోకి ఎట్టా వచ్చింది?"

"నాగేంద్రగాడి అకౌంటు నా ఫోన్‌లో ఉంది. అందులో నువ్వున్నావ్. ఊరంతా ఉంది. నిన్న సాయంత్రం తెరిచా."

"ఎందుకు తెరిచావ్?"

"నీ స్లాటు తీసేద్దామని."

పేరయ్య కర్ర కింద పెట్టలేదు. "మరి తియ్యలా?"

"తియ్యడానికేం మిగిలింది? ఇదిగో నీ పాస్‌వర్డు, నేను మొహం తిప్పుకుంటా. నువ్వే మార్చుకో. పదింటికి నువ్వే పెట్టుకో."

"నా మీద ఇంత దయెందుకు పుట్టింది నీకు?"

"దయ కాదురా." యలమంద గొంతు లేచింది. రెండు పొలాల అవతల కొంగలు లేచాయి. "గట్టు సంగతి గట్టు సంగతే. నా రెండడుగులు నీ దగ్గరే ఉన్నాయి. నిన్ను ముంచాలంటే నేను ముంచుతా, ఆ హక్కు నాది. మధ్యలో వాడెవడు?"

పేరయ్య కర్ర మంచానికి ఆనించాడు. తర్వాత మంచం అంచున కూర్చుని, ఒళ్ళోకి ఫోన్ తీసుకుని, యలమంద ఫోన్‌లో చూసి ఒక్కో అక్షరం కొట్టడం మొదలుపెట్టాడు. యలమంద పత్తి కుప్ప వైపు తిరిగి నిలబడ్డాడు. పట్టా అంచు తేలిపోతుంటే కాలితో రాయి జరిపాడు.

ఎనిమిదింటికి నాగేంద్రబాబు దుకాణం ముందు నలభై మందికి పైగా ఉన్నారు. స్లాట్ల రోజు. యలమంద లోపలికి పోలేదు. ఎదురుగా బస్టాపు సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. పక్కన కాస్త ఎడంగా పేరయ్య కూర్చున్నాడు. ఇద్దర్నీ ఒకే బల్ల మీద చూసి వరసలో సగం మంది తలలు ఇటు తిరిగాయి.

"వెంకటరావమ్మా, ఇట్టా రా. ఫోన్ తెచ్చుకో."

"చచ్చినోళ్ళెవరు బావా?" అంది ఆవిడ, ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ. యలమంద ఎర్ర అక్షరాలు చూపించాడు. ఆవిడకు చదువు రాదు. పేరయ్య చదివి వినిపించాడు. "నేనెప్పుడు కోరుకున్నా?" అంది ఆవిడ. మొదట నెమ్మదిగా అంది. రెండోసారి బస్టాపు అదిరింది. "నేనెప్పుడు కోరుకున్నారా నాగేంద్రా?"

తర్వాత పిలవాల్సిన పని లేకపోయింది. ఒక్కొక్కరే వచ్చారు. యలమంద వాళ్ళ నంబరు వెతికి, కన్ను తాకి, ఫోన్ వాళ్ళ చేతికిచ్చి మొహం అటు తిప్పుకునేవాడు. చూసుకుని, కొత్తది పెట్టుకుని, తిరిగిచ్చేవాళ్ళు. కొట్టడం రాని వాళ్ళకు పేరయ్య కొట్టిపెట్టాడు. కొత్తది ఏం పెట్టాలో తెలియక ఒక ముసలాయన బర్రె పేరు పెట్టుకున్నాడు.

"దాన్ని ఊరంతా అదే పేరుతో పిలుస్తది కదయ్యా" అన్నాడు పేరయ్య.

"అయితే దూడ పేరు పెట్టు."

నాగేంద్రబాబు బయటకు వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"బాబాయ్, అది నా అకౌంటు. నువ్వు తెరవడం నేరం. కేసవుద్ది."

"పెట్టు కేసు" అన్నాడు యలమంద, కూర్చున్నచోటు నుంచి కదలకుండా. "నేను తెరిచింది చెబుతా. రెండు తెరిచా. నువ్వెన్ని తెరిచావో నువ్వు చెప్పు. నీ అకౌంటు నా ఫోన్‌లో ఎవడు పెట్టాడో అదీ చెప్పు."

"సాయం చేద్దామని పెట్టా."

"మూడుసార్లు రద్దు చేసింది కూడా సాయమేనా?" అన్నాడు పేరయ్య.

నాగేంద్రబాబు లోపలికి పోయి తలుపు సగం వేశాడు. రెండు నిమిషాలకు యలమంద చేతిలో జాబితా మాయమైంది. దుకాణం అకౌంటు మళ్ళీ పాస్‌వర్డు అడిగింది. లోపల కూర్చుని వాడు మార్చేశాడు. అప్పటికి తొమ్మిదిన్నర. ఇరవయ్యారు మందిది అయింది. మిగిలినవాళ్ళు ఫోన్లు పట్టుకుని బల్ల చుట్టూ నిలబడిపోయారు.

"ఇప్పుడెట్టా?" అన్నారెవరో.

యలమంద చేతులు దులుపుకుని లేచాడు. "నా దగ్గర లేదు. ఎవరి దగ్గరుందో మీకు తెలుసు. పదింటికి అరగంట ఉంది."

వెంకటరావమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని రోడ్డు దాటింది. ఆవిడది అయిపోయింది, అయినా దాటింది. మిగిలిన వాళ్ళు వెనకే దాటారు. సగం వేసిన తలుపు పూర్తిగా తెరుచుకుంది. బల్ల మీద కూర్చుని నేల చూపులు చూసే మనుషులు ఇప్పుడు బల్ల చుట్టూ నిలబడ్డారు.

"నాది చెప్పు."

"ముందు నాది చెప్పు."

"చెవిలో చెప్పు, పక్కోడికి వినపడకుండా."

నాగేంద్రబాబు ఒక్కొక్కరిదే చెప్పాడు. చెప్పి, వాళ్ళు మార్చుకునేదాకా తల తిప్పుకుని కూర్చున్నాడు. తిప్పుకోకపోతే వెంకటరావమ్మ తిప్పింది.

*

శనివారం పొద్దున పర్చూరు జిన్నింగు మిల్లు ముందు ట్రాక్టర్లు రోడ్డు మలుపు దాకా ఆగి ఉన్నాయి. బుధవారం పదింటికి ఇద్దరికీ ఇదే పూటకు స్లాటు దొరికింది. యలమంద ట్రాక్టరు వెనకే పేరయ్య ట్రాక్టరు ఉంది. రెండు రోజుల ఎండకు పత్తి గలగలలాడుతోంది. గుప్పెట్లో పిండి వదిలితే తిరిగి లేస్తోంది. బావమరిది లారీ ఊళ్ళో బస్టాపు పక్కన ఖాళీగా నిలబడి ఉండటం వచ్చేటప్పుడు ఇద్దరూ చూశారు. ఎవరూ దాని మాటెత్తలేదు.

గేటు దగ్గర ఒకాయన పుస్తకం పట్టుకుని వచ్చాడు. "స్లాటు చూపించండి. యాప్ తెరవండి."

పేరయ్య ట్రాక్టరు దిగి ముందుకొచ్చాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"కోటేశ్వరమ్మ ఒక్కతే నాగేంద్రగాడికి చిక్కలేదంట కదా" అన్నాడు.

యలమంద వాడి వైపు చూడలేదు. "చిక్కలా."

"ఆ రోజు వచ్చా నేను."

"పొమ్మన్నా."

"పోయా."

"గట్టు కొలవడానికి సోమవారం సర్వేయరు వస్తాడు. నువ్వుండు" అన్నాడు యలమంద.

"ఉంటా. కొలవనియ్యి" అన్నాడు పేరయ్య. గొంతులో పాత బిరుసే ఉంది.

గేటు మనిషి తొందరపెట్టాడు. యలమంద యాప్ తెరిచి పై గడి తాకాడు. అడుగున చీటీ లేచింది. కోటేశ్వరి నంబరు. వేరే ఎవరిదీ లేదు. దుకాణం అకౌంటు బుధవారమే పీకేశాడు. నసీమున్నీసా చెప్పినట్టు పాస్‌వర్డు మాత్రం మార్చలేదు.

నొక్కితే చాలు, చుక్కలు దానంతటవే పడతాయి. నొక్కలేదు. చీటీని వేలితో పక్కకు తోసేశాడు. నంబరు తనే కొట్టాడు. కింది గడిలోకి వచ్చి, పగిలిన గోటితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పెదాలు కదుపుతూ కొట్టాడు.

"దానంతటదే పడుద్ది కదయ్యా, వెనక వరస ఆగిపోయింది" అన్నాడు గేటు మనిషి.

"ఆగనియ్యి" అన్నాడు యలమంద.